ఈశాన్యం మూల బీరపాదు

మా చర్చి సంఘంలో ఏటా నవంబరులో కోత పండుగ జరిగేది. పేరుకు కోత పండుగే గాని, ఆ సంఘంలో కొడవలి పట్టినవారు ఒక్కరూ లేరు. పోర్టులో పనిచేసేవారు, ఉక్కు కర్మాగారంలో షిఫ్టులకు వెళ్ళేవారు, నర్సులు, టీచర్లు, ఒకరిద్దరు బ్యాంకు గుమాస్తాలు. అందరివీ క్వార్టర్లు, లేకపోతే అద్దె వాటాలు. పండుగ ముందురోజు సాయంత్రం రైతుబజారుకు వెళ్ళి, ఉన్నవాటిలో పెద్ద గుమ్మడికాయనో నవనవలాడే ఆనపకాయనో ఎంచి కొనుక్కొచ్చేవారు. మర్నాడు ఆరాధనలో దాన్ని ప్రథమ ఫలంగా, అంటే తమ పంటలో మొదటి భాగంగా, దేవునికి సమర్పించేవారు. ఆరాధన ముగిశాక ఆవరణలో వాటినన్నిటినీ వేలం వేసి, ఆ డబ్బు సంఘానికి జమచేసేవారు. మా అమ్మ పెళ్ళై పోర్టు క్వార్టర్సుకు వచ్చిన నాటి నుంచి ఇరవై ఏళ్ళుగా ఒక్క ఏడాదీ తప్పకుండా ఇదే చేసింది.

నేనప్పుడు డిగ్రీ రెండో సంవత్సరంలో ఉన్నాను. కళాశాల తరఫున చర్చాపోటీలకు వెళ్ళి బహుమతులు తెచ్చుకుంటున్న రోజులవి. ఏ మాటనైనా ముందు నిర్వచించాలి, ఆ తర్వాతే దాన్ని సమర్థించడమో ఖండించడమో చేయాలి అన్నది మాకు నేర్పిన మొదటి సూత్రం. వేదిక దిగిన తర్వాత కూడా ఆ సూత్రాన్ని పక్కన పెట్టడం నాకు చేతనయ్యేది కాదు. ఆ ఏడు కోత పండుగనాడు మధ్యాహ్నం భోజనాల దగ్గర అమ్మను అడిగాను.

"ప్రథమ ఫలమంటే మనం పండించినదాంట్లో మొదటిది కదమ్మా. బజారులో కొన్న గుమ్మడికాయ ఆ రైతుకి ప్రథమ ఫలం అవుతాది. మనకేటవుతాది?"

"వేలంలో మళ్ళీ మనమే పాడుకుంటే కూరవుతాది," అన్నారు నాన్న, అన్నం కలుపుకుంటూ.

అమ్మ నవ్వలేదు. "నేల లేనోళ్ళం. ఏటి సెయ్యమంటావు మరి?" అంది.

"లేనప్పుడు లేదని ఒప్పుకోవచ్చు. కొన్నదాన్ని పండించినట్టు ఇవ్వడమెందుకు?"

అమ్మ నా కంచంలో ఇంకొంచెం పులుసు వేసి వంటగదిలోకి వెళ్ళింది. చర్చలో ప్రత్యర్థి మౌనం వహిస్తే మార్కులు మనకే పడతాయి. ఆ అలవాటు కొద్దీ నేనూ తృప్తిగా భోజనం ముగించాను.

మరుసటి వేసవికి మధురవాడ దాటిన తర్వాత కొండవాలులో మా ఇల్లు పూర్తయింది. నాన్న పోర్టు వర్క్‌షాపులో ఫిట్టరు, అమ్మ ప్రాథమిక పాఠశాలలో టీచరు. ఇద్దరి పొదుపూ కలిసి రెండు వందల గజాల స్థలంగానూ, మూడు గదుల ఇల్లుగానూ మారడానికి చాలా ఏళ్ళే పట్టింది. మే నెలలో గృహ ప్రతిష్ఠ ప్రార్థన జరిగింది. ప్రార్థన అయ్యాక స్త్రీల సమాజం వాళ్ళు కొత్త గచ్చు మీద చాపలు పరుచుకుని టీ తాగుతున్నారు. వాళ్ళలో ఒకావిడ సరదాగా, "ఇంకేటి, నేలొచ్చీసింది కదా వదినా! ఇంక గుమ్మడికాయలు నీకాడే కొనుక్కుంటాం," అంది.

అమ్మ టీ గ్లాసు కింద పెట్టింది. "ఈ ఏడు కోత పండక్కి నాను కొన్నది తేను," అంది. "ఈ నేల మీద పండిందే తెస్తాను. పండకపోతే ఒట్టి చేతుల్తో వస్తాను."

మా సంఘంలో కోత పండుగకు ఒట్టి చేతులతో వచ్చినవారు అంతవరకూ లేరు. అమ్మ అతిగా మాట్లాడే మనిషి కాదు. ఒక మాటను నలుగురిలో అన్నదంటే ఇక అది ఆమెకు వెనక్కి తీసుకోలేని మాట. ఆ మాట ఎక్కడ పుట్టిందో ఆ గదిలో నాకొక్కదానికే తెలుసు. ఆ సాయంత్రమే, తోట పని మొత్తం నాకు అప్పగించమని అడిగాను.

"నీకేటి తెలుసు మొక్కల సంగతి?" అంది అమ్మ.

"తెలుసుకుంటాను."

నిజానికి అప్పటిదాకా నా మొక్కల పరిజ్ఞానం క్వార్టర్సు వరండాలోని నాలుగు కనకాంబరం కుండీలు. రేవు నుంచి ఎగిరివచ్చే ఇనుప ఖనిజం దుమ్ము వాటి ఆకుల మీద ఎర్రగా పేరుకునేది. వారానికోసారి తడిగుడ్డతో తుడవడం నా వంతు. అయినా నాకు జంకు లేదు. ఏ విషయమైనా పద్ధతిగా విడదీస్తే లొంగుతుందని నా నమ్మకం. ఆ నమ్మకం ఇప్పటికీ పోలేదు.

గ్రాఫ్ కాగితం తెచ్చాను. ఒక గడి ఒక అడుగు. ఇల్లు తూర్పు ముఖం. ముందు పద్ధెనిమిది అడుగుల ఖాళీ, ఉత్తరం పక్క సన్నటి సందు, వెనక వంటగది మెట్టు దగ్గర చారెడు చోటు. మూడు రోజుల పాటు గంట గంటకూ బయటికి వెళ్ళి ఎండ ఎక్కడ పడుతోందో, నీడ ఎంతవరకు పాకుతోందో రంగు పెన్సిళ్ళతో గుర్తించాను. గేటు నుంచి గుమ్మం దాకా మిగిలిపోయిన పలకల ముక్కలతో బాట. బాటకు అటూ ఇటూ మందార కంచె. పడకగది కిటికీ కింద మల్లె, రాత్రి తలుపు తీస్తే వాసన వచ్చేలా. స్నానాల నీళ్ళు పారే చోట అరటి పిలకలు. వంటగది మెట్టు పక్కన కరివేపాకు. అన్నిటికంటే ముఖ్యమైనది కూరపాదుల చోటు. దానికి ఈశాన్యం మూల ఎంచుకున్నాను. పొద్దుటి ఎండ నేరుగా పడేది అక్కడే. సాయంత్రపు వేడిగాలి తగలకుండా ఇల్లు అడ్డం వచ్చేదీ అక్కడే. బోరు కుళాయి మూడడుగుల దూరం. ఆనప, బీర, గుమ్మడి పాదులు, పైన పందిరి. కారణాలను కాగితం అంచున వరుసగా రాసి, కింద గీత కూడా గీశాను.

మా ఇల్లు కట్టిన మేస్త్రి అప్పటికింకా ప్రహరీ గోడ పైవరస పూర్తి చేస్తున్నాడు. పద్మనాభం దగ్గరి పల్లె నుంచి, తాపీ, మట్టపు బద్ద ఉన్న సంచీ చంకన పెట్టుకుని రోజూ మొదటి బస్సుకు వచ్చేవాడు. మాటకారి. కట్టుబడి సాగినన్నాళ్ళూ స్లాబు మీద గడ్డితో చేసిన దిష్టిబొమ్మను వేలాడదీశాడు. మేము క్రైస్తవులమైనా నాన్న అభ్యంతరం చెప్పలేదు. ఇల్లు మనదైనా పని ఆయనది కదా అనేవారు. నేను మేస్త్రి దగ్గర దారం అడిగి తీసుకుని, మేకులు పాతి పాదుల చోటు కొలుస్తుంటే ఆయన గోడ మీద నుంచే పిలిచాడు.

"పాపా, ఆ మూల వొద్దు. ఈశాన్యం. అక్కడ పాదులెట్టకండి. పందిరి అసలే వొద్దు."

"ఎందుకు వద్దు మేస్త్రీ?"

"ఈశాన్యం మూల బరువుండకూడదమ్మా. ఇంటోళ్ళకి మంచిది కాదు."

నేను లేచి నిలబడ్డాను. వేదిక మీది తెలుగు దానంతట అదే వచ్చేసింది. "మీరు చెబుతున్నది నియమమా, నమ్మకమా? నియమమైతే దానికి కారణం ఉండాలి. నమ్మకమైతే అది నమ్మినవారికే వర్తిస్తుంది. వాస్తును మేము నమ్మం."

మేస్త్రి నాన్న వైపు తిరిగాడు. "ఏటండీ బాబూ, పాప కోర్టులో మాటాడినట్టు మాటాడతంది!"

"సెప్పు మేస్త్రీ, సెప్పు," అన్నారు నాన్న కుర్చీలో వెనక్కి వాలుతూ. "రోజూ నానొక్కడ్నే పడతన్నాను. ఇయ్యాల నీ వంతు."

"ఈ మూలే బోరు తవ్వించారు. అప్పుడు లేని దోషం ఇప్పుడెక్కడి నుంచి వచ్చింది?" అన్నాను.

"బోరంటే నీరు కదమ్మా. ఈశాన్యంలో నీరుండొచ్చు. బరువుండకూడదు."

"ఆనపకాయలో ఉన్నదీ నీరే కదా?"

నాన్న గట్టిగా నవ్వేశారు. మేస్త్రి కూడా నవ్వి, తాపీ గోడ మీద పెట్టి చేతులు దులుపుకున్నాడు. "మీరు గెలిసేరు పాపా. నాను ఓడిపోయేను. ఇంక గెలవాల్సింది ఆ పాదు."

దాన్ని నేను అంగీకారంగానే తీసుకున్నాను. ఆయన మనసులో ఏమీ పెట్టుకోలేదు కూడా. రెండు రోజుల తర్వాత, అడగ్గానే, వాళ్ళ ఊరి నుంచి బండెడు గత్తం తోలించి ఇచ్చాడు. బాగా చివికిన పశువుల ఎరువును మా వైపు గత్తమంటాం. జూన్‌లో తొలకరి పడగానే మందార కొమ్మలు గుచ్చాం, మల్లె అంటు పాతాం, అరటి పిలకలు పెట్టాం. ఈశాన్యం మూల జానెడు లోతున గుంటలు తీసి, గత్తం కలిపి, అమ్మ చేత్తో గింజలు వేయించాను. అమ్మ ఒక్కో గింజనూ వేలితో నొక్కి పెట్టి, కళ్ళు మూసుకుని పెదవులు కదిపింది. నేను గ్రాఫ్ కాగితం మీద తేదీ వేశాను.

వానలు పట్టాయి. మొలకలు వచ్చాయి. కొండవాలు ఎర్రమట్టి గనుక ఆవరణ అంతా వాన వెలిసిన అరగంటకే పీల్చుకునేది. ఈశాన్యం మూల మాత్రం నీళ్ళు రెండో రోజు దాకా నిలిచి ఉండేవి. "సూడు, ఇక్కడ తేమ ఎంతసేపు ఉంటందో! చోటు ఎంచుకోవడమంటే ఇది," అని నాన్నతో అన్నాను. ఎదురుగా కనిపిస్తున్న హెచ్చరికను నా వైపు సాక్ష్యంగా నమోదు చేసుకున్నాను. మంచి వక్తకు అది మొదటి నుంచీ అలవాటైన విద్య.

జూలై సగమయ్యేసరికి మందారలు చిగుళ్ళు వేశాయి, అరటి ఆకు విప్పింది, మల్లె నిలదొక్కుకుంది. పాదులు మాత్రం నాలుగాకుల దగ్గర ఆగిపోయాయి. ఆకులు పసుపు పచ్చగా తిరిగి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగిలాయి. గత్తం ఇంకా వేశాం. నీళ్ళు తగ్గించాం, మళ్ళీ పెంచాం. పీకి కొత్త గింజలు వేశాం. అవీ అలాగే వచ్చి అలాగే ఆగాయి. అమ్మ బడి నుంచి వస్తూనే సంచీ భుజాన ఉండగానే ఆ మూలకు వెళ్ళి చూసేది. ఆదివారాలు ఆరాధన నుంచి వచ్చేటప్పుడు, "పాదులెలా ఉన్నాయని అడిగేరు," అని చెప్పేది. అడిగినవాళ్ళెవరో, ఏమి జవాబిచ్చిందో చెప్పేది కాదు.

ఆగస్టు మొదట్లో ఒక సెలవురోజు, పందిరి రాట కోసం నాన్న గునపంతో గుంట తవ్వబోయారు. రెండో పోటుకే గునపం ఖణేలుమంది. రాయి అనుకుని పక్కన పొడిచారు. అక్కడా అదే చప్పుడు. మట్టి తొలగించి చూస్తే, జానెడు లోతున, బూడిదరంగు పెచ్చు. గట్టిగా, చదునుగా, ఆ మూలంతా ఒకటే పలకలా పరుచుకుని ఉంది. మేము తీసిన గుంటలన్నీ సరిగ్గా దాని పైదాకా వచ్చి ఆగాయి. పాదుల వేళ్ళు ఆ పలకకు తగిలి, అడ్డంగా మళ్ళి, అక్కడే చుట్టలు చుట్టుకున్నాయి.

మర్నాడు మేస్త్రి పక్క వీధిలో పనికి వచ్చాడని తెలిసి నాన్న పిలిపించారు. ఆ పెచ్చు ముక్క ఒకటి చేతికిచ్చారు. ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, "మాలండీ," అన్నాడు.

ఇసుక, సిమెంటు కలిపి నీళ్ళు పోసి తయారుచేసే ముద్దను తాపీపనివారు మాలు అంటారు. "ఎనిమిది నెలలు అక్కడే కలిపేం కదా బాబూ. నీరు దగ్గర, జాగా ఇశాలం. రోజూ కొంత కారి, కొంత మిగిలి, అలగే బిగిసిపోయింది. పైన ఎర్రమట్టి సర్దీసేం."

"మరి ఆ రోజే ఈ మాట చెప్పలేదేం?" అన్నాను.

"సెప్పేను కదమ్మా, ఆ మూల వొద్దని."

"ఈశాన్యం అన్నారు. మాలు అనలేదు."

మేస్త్రి తల గోక్కున్నాడు. "మాలు కలిపేమంటే బాబుగారు 'అయితే తవ్వి తీసీయించు' అంటారు. మావోళ్ళకి మూడ్రోజుల పని. అదే ఈశాన్యం అన్నాననుకోండి, ఇంకెవరూ నోరెత్తరు. ముప్పై ఏళ్ళ నుంచి ఎన్నిళ్ళు కట్టేను, ఎక్కడ ఏటి వొద్దనాలన్నా ఒక్కటే మాట. ఈశాన్యం. ఎందుకని అడిగినోడు లేడు." చిన్నగొంతుతో, "మీరు కిరస్తానం వాళ్ళని మర్సిపోయేను," అన్నాడు.

నాన్నకు నవ్వు ఆగలేదు. నాకు కోపం వచ్చింది. పని తప్పించుకోవడానికి దేవుడి దిక్కును అడ్డం పెట్టుకోవడం అబద్ధమే, దానికి వేరే పేరు లేదు అని ఆయన ముఖం మీదే అన్నాను. ఇప్పుడైనా అదే అంటాను. కానీ మాట పూర్తవుతుండగానే రెండో సగం నాకే తట్టింది. ముప్పై ఏళ్ళలో ఎందుకని అడిగిన మొదటి మనిషిని నేనే. జవాబు తెలుసుకోవడానికి కాక, ఖండించడానికి అడిగాను. ఆయన చెప్పిన కారణం తప్పు, ఆయన చెప్పిన విషయం నిజం. కారణాన్ని ఓడించి, విషయం కూడా ఓడిపోయిందనుకున్నాను. ఆ రోజు నోరు మూసుకుని ఒక్క గునపంపోటు వేసి చూసినా రెండు నెలలు మిగిలేవి.

అమ్మ గడపలో నిలబడి అంతా విన్నది. "అబద్ధం సంగతి తర్వాత తేల్చుకుందురు గాని," అంది. "నవంబరు రెండో ఆదివారం కోత పండగ. ఎన్ని రోజులుంది?"

వరుసగా మూడు ఆదివారాలు, మధ్యాహ్నం నుంచి పొద్దుగూకే దాకా ఆ పలకను పగలగొట్టాం. నాన్న గునపం, మేస్త్రి సమ్మెట, నేను గంప. మేస్త్రిని ఎవరూ రమ్మనలేదు, ఆయనంతట ఆయనే బస్సెక్కి వచ్చాడు. మొదటిరోజు నాన్న కూలి మాట ఎత్తబోతే, "నా మాలు నాను తీసుకుపోతన్నాను, మీకేటి?" అని కసిరాడు. అడుగున్నర లోతున తీసేశాక, వాళ్ళ ఊరి చెరువు మట్టి ఒక ట్రాక్టరు తెప్పించి నింపాం. నల్లటి, మెత్తటి మట్టి. అమ్మ దాన్ని పిడికిట్లో పట్టి పిసికి, చాలాసేపు చెయ్యి విప్పలేదు.

ఆగస్టు నెలాఖరుకు నేను కొత్త కాగితం తీశాను. గుమ్మడికి నూరు రోజులు పైమాటే. ఆనపకు ఎనభై అయినా కావాలి. ఉన్నవి డెబ్బై. నా ప్రతిపాదన తోటకూర. ఇరవై అయిదు రోజుల్లో వస్తుంది, ఒకసారి పోయినా రెండోసారి వేయడానికి వ్యవధి ఉంటుంది, ఓడిపోయే అవకాశం దాదాపు లేదు.

"ఆకు ఫలం ఎలగవుతాది?" అంది అమ్మ.

అది నా సూత్రమే. మాటను ముందు నిర్వచించాలి. ఏడాది కింద భోజనాల దగ్గర నేను చేసిన పనినే ఆమె ఇప్పుడు నాకంటే కచ్చితంగా చేస్తోంది.

"బీర వేద్దాం," అంది. "అరవై రోజులకి కాస్తాది. రాకపోతే తప్పు దేవుడి మీదా ఎయ్యను, నీ మీదా ఎయ్యను. నా మీద."

బీర ఒక్కటే వేశాం. నాలుగు పాదులు. ఈసారి గింజ వేసేముందు గునపంతో అడుగంటా పొడిచి చూశాను, ప్రతి పాదు దగ్గరా. వారం తిరక్కుండా మొలిచాయి, మూడో వారానికి తీగలు పందిరి అందుకున్నాయి. ఆకులు ముదురు ఆకుపచ్చ. అక్టోబరు మధ్యకు సాయంత్రాలు పసుపుపచ్చటి పూలు విచ్చేవి. మొదట అన్నీ మగపూలే వచ్చి రాలిపోతుంటే నేను కంగారుపడ్డాను. "ఆడపూలు ఎనక్కొస్తాయి పాపా, పెళ్ళివారి ఇంట్లోలాగే," అన్నాడు మేస్త్రి, దారినపోతూ గోడ మీద నుంచి తొంగిచూసి. ఆయన అన్నట్టే వచ్చాయి. నెలాఖరుకు పిందెలు పదకొండు లెక్కపెట్టాను.

అప్పుడే సముద్రంలో వాయుగుండం పడింది. రెండు రోజులు గాలీ వానా. వైజాగులో పుట్టినవాళ్ళకు అది వార్త కాదు. కిటికీ సందుల్లో పాతగుడ్డలు కుక్కి, చేపల హార్బరు నుంచి పడవలు వెళ్ళవని తెలిసి, రెండు రోజులూ పప్పుతో సరిపెట్టుకుంటాం. రెండో రోజు మధ్యాహ్నం పందిరి ఒక పక్కకు ఒరిగింది. అమ్మ చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని వానలోకి నడిచింది. ఒక రాట ఆమె పట్టుకుంది, రెండోది నేను. నాన్న డ్యూటీ నుంచి రావడానికి గంటన్నర పట్టింది. ఆ గంటన్నరా మేమిద్దరం అలాగే నిలబడ్డాం. మధ్యలో ఒకసారి, గాలి హోరులో అరిచి అడిగాను.

"ఒట్టి చేతుల్తో వెళ్ళాల్సొస్తే?"

"వెళ్తాను," అని అరిచింది అమ్మ. "కానీ వెళ్ళాలని లేదే!"

రాట వదలకుండా, వానలో తడుస్తూ ఆమె ఆ మాట అన్న తీరు నాకు బాగా గుర్తు. పంతానికి కాదు, మాట పడిపోతుందని కాదు. ఆమెకు నిజంగానే తన చేత్తో పండించి తీసుకెళ్ళాలని ఉంది. ఇరవై ఏళ్ళూ ఉందేమో. నేను అడిగిన తర్వాతే పైకి చెప్పింది.

వాన వెలిశాక చూస్తే రెండు పాదులు మొదలంటా విరిగాయి. మిగిలిన రెంటి మీద నాలుగు పిందెలు. వాటిలో ఒకటి పందిరి కర్రల మధ్య ఇరుక్కుని వంకర తిరిగింది. వారం రోజులు వాటిని ఎవరమూ తాకలేదు.

పండుగ ముందురోజు సాయంత్రం మేస్త్రి బస్సు దిగి వచ్చాడు, భుజాన గోనెసంచీతో. విప్పితే గుమ్మడికాయ. ఎర్రటి చారలతో, ఇద్దరు పట్టాల్సినంత. "అమ్మగారూ, రేపు దీన్ని అట్టుకెళ్ళండి. మా కళ్ళం పక్కన పాదుది. కొన్నది కాదు."

నేను అమ్మ ముఖం చూశాను. నాలుగు బీరకాయలు, అందులో ఒకటి వంకర. ఎదురుగా ఆ కాయ. నా బుర్ర తన పని తాను చేసింది. "అమ్మా, ఆలోచించు. కొన్నది కాదు. పైగా మన మూలలో ఉన్నది ఆ ఊరి చెరువు మట్టే. ఆ మట్టే దీన్నీ పండించింది. నేల ఒక్కటే అయినప్పుడు పంట వేరెలా అవుతాది?"

అమ్మ మెచ్చుకోలుగా తల ఊపింది. "చాలా బాగా చెప్పేవు. పోటీలో అయితే కప్పు నీదే," అంది. "గాని గింజ నాను నొక్కలేదు."

మేస్త్రి నా వైపు చూసి కళ్ళెగరేశాడు. "ఏటి పాపా, ఇయ్యాల అమ్మగారు గెలిసేరు!"

అమ్మ ఆ గుమ్మడికాయను అప్పుడే కోసి పులుసు పెట్టింది. మేస్త్రి మా వంటగది మెట్టు మీద కూర్చుని, బెల్లం తక్కువైందని వంకపెడుతూ రెండుసార్లు వడ్డించుకున్నాడు. చివరి బస్సు అందుకోవాలని లేచాడు.

మర్నాడు చర్చిలో బల్ల ముందు గుమ్మడికాయలు, ఆనపకాయలు, అరటిగెలలు, కొబ్బరిబొండాలు కుప్పలుగా ఉన్నాయి. అమ్మ వంతు వచ్చింది. లేచి వెళ్ళి, చేతిసంచీలోంచి నాలుగు బీరకాయలు తీసి, ఒకదాని పక్కన ఒకటిగా పెట్టి వచ్చి కూర్చుంది. గృహ ప్రతిష్ఠ నాటి మాట తెలిసినవాళ్ళు ఒకరినొకరు మోచేత్తో పొడుచుకున్నారు. తెలియనివాళ్ళు ఇంత చిన్న కానుకా అన్నట్టు చూశారు. అమ్మ ఎవరి వైపూ చూడలేదు. గోళ్ళ కింద మిగిలిన మట్టిని పిన్నీసుతో తీసుకుంటూ కూర్చుంది.

వేలం పాడే పెద్దాయన వంకర కాయను ఎత్తి పట్టి, "ఇదేటయ్యా, బీరకాయా, ప్రశ్న గుర్తా?" అన్నాడు. ఆవరణంతా నవ్వింది. నవ్వినవాళ్ళే పోటీపడి పాడారు. పాడుకున్నాయన దాన్ని మా సంఘం ఆనవాయితీ ప్రకారం మళ్ళీ వేలానికే ఇచ్చేశాడు. రెండోసారి పాడుకున్నావిడా తిరిగి ఇచ్చేసింది. ఆ వంకర బీరకాయ మూడుసార్లు చేతులు మారింది.

మిగిలిన మూడు కాయలూ పాడుకున్న కొత్త సభ్యురాలు మేము గేటు దగ్గరికి వచ్చేసరికి వెనకనుంచి పిలిచింది. అమ్మ అన్న మాట ఆమెకు తెలియదు. "వదినగారూ, ఏ బజారువండీ ఇవి? ఇంత లేతవి మాకెప్పుడూ దొరకవే!"

అమ్మ నా వైపు చూసింది. "నువ్వు సెప్పవే. నీకు మాటలొచ్చు కదా."

"మా ఇంటివేనండి," అన్నాను.

"భలేదానివే! కొత్తిల్లు కట్టి ఆరు నెలలు కాలేదన్నారు. సిమెంటు మీద బీరకాయలు కాస్తాయేటమ్మా?" అని నవ్వేసిందావిడ.

రుజువులన్నీ నా దగ్గర ఉన్నాయి. గింజ వేసిన తేదీ, పందిరి కొలతలు, పెచ్చు ముక్కతో సహా. ఒక్కదాన్నీ బయటికి తీయాలనిపించలేదు. నేనూ నవ్వి ఊరుకున్నాను. అమ్మ అప్పటికే ఖాళీ సంచీ మడిచి చంకలో పెట్టుకుని, మధురవాడ బస్సు వస్తోందని నాన్నను తొందరపెడుతూ రోడ్డు వైపు నడుస్తోంది.